రాయికి క్షవరం

కొత్త ఊళ్లో దిగినవాడు ముందుగా చూసుకోవలసింది బసా కాదు, భోజనమూ కాదు, మంచి క్షవరశాల అని నా నమ్మకం. బస తెల్లారితే ఖాళీ చేస్తాం. భోజనం బాగులేకపోతే మరో పూటకి మరో చోటు వెతుక్కుంటాం. తల మాత్రం నెల్లాళ్లు మోసుకు తిరగాలి. పైగా పత్రికల్లో ఊరి నిన్నటి సంగతులే దొరుకుతాయి. క్షవరశాలలో రేపటివి కూడా దొరుకుతాయి.

ఆ నమ్మకం మీదే, మందుల షాపుకీ తాళాలు బాగుచేసేవాడి గదికీ మధ్య ఇరుక్కున్నట్టున్న ఒక సెలూన్ తలుపు తోశాను. మోకాలు మొరాయించడంతో, దారిలో ఆగిన ఊళ్లో ఎండాకాలమంతా ఉండిపోవలసి వచ్చింది. కాలికి పని చెప్పకూడదన్నారు కనుక, తలకి పని లేకపోయినా రోజూ పొద్దున్నే వెళ్లి ఆ సెలూన్ బల్ల మీద కూర్చోవడం అలవాటైంది. అలా కూర్చునే, ఒక మనిషి మేడ దిగి రావడం, మళ్లీ ఎక్కిపోయి తలుపేసుకోవడానికి వెంట్రుకవాసి దూరంలోకి రావడం రెండూ చూశాను.

ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. కొడుకుని చిన్నాయన అంటారు. చిన్నాయనకి మీసం సగం నెరిసి, చత్వారం కళ్లద్దాలు వచ్చినా ఆ పిలుపు మారలేదు. మేడ మీద పెద్దాయన ఉన్నంతకాలం కింద ఉన్నది చిన్నాయనే కదా. సెలూన్‌లో రెండు కుర్చీలు, వాటి ఎదుట రెండు నిలువుటద్దాలు. లోపలి కుర్చీ కొడుకుది, వీధి తలుపు పక్కది తండ్రిది. తెర కట్టిన వెనక గదిలో కోడలు ఆడవాళ్లకి జుట్టు కత్తిరిస్తుంది. కాపురం మేడ మీద.

పెద్దాయన పని నేర్చింది మేనమామ దగ్గర. ఆ మేనమామ సొరకాయకి సబ్బు నురగ పట్టించి, తొక్క మీద గాటు పడకుండా గీయమనేవాడట. గాటు పడిన సొరకాయ ఆ పూట కూరలోకి. "చాలాకాలం మా ఇంట్లో సొరకాయ తప్ప ఇంకో కూర తెలీదు" అని పెద్దాయన నవ్వకుండా చెబుతాడు. మేనమామ నేర్పిన రెండో విద్య చీపురు. ఒక తల లేచి ఇంకో తల కూర్చునేలోగా నేల అద్దంలా ఉండాలి. కింద వెంట్రుక కనిపించిందంటే పని కానట్టే. కత్తెర పట్టడం ఎవడైనా నేర్పుతాడు, కోసిందాన్ని ఎత్తడం నేర్పేవాడే గురువు అనేవాడట ఆయన.

నేను చాలా ఊళ్లలో చాలామంది చేతికి తల ఒప్పగించాను. కత్తెర కంటే నోరు ఎక్కువ ఆడించేవాళ్లని చూశాను. మన తలని సాకుగా పెట్టుకుని అద్దంలో తమ మీసం చూసుకునేవాళ్లనీ చూశాను. పెద్దాయన ఆ రెండు రకాలూ కాదని బల్ల మీది పాతకాపులు చెప్పేవారు. ఆయన మాట్లాడడు, వేళ్లు మాట్లాడతాయి అనేవారు. ఆ వీధిలో ఎవరి నెత్తిన ఎన్ని సుడులున్నాయో, ఎవరు చిన్నప్పుడు ఎక్కడ పడి కుట్లు వేయించుకున్నారో ఆ వేళ్లకి కంఠతా వచ్చు.

అలాంటి చేతికి వణుకు వచ్చింది. ముందు టీ కప్పు సాసరు మీద గలగలలాడింది. అందరూ సాసరుని అనుమానించారు. తర్వాత కత్తెర గాల్లో ఒకటి రెండు అనవసరపు కోతలు కోసింది. చివరికి ఒకరోజు, ఆ వీధిలోనే ఉండే రిటైరైన బస్సు డ్రైవరు చెవి అంచు రేజరు తగిలి తెగింది. డ్రైవరు చెవి మీద దూది అద్దుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. చిన్నాయన మాత్రం నేల మీద రక్తపుచుక్క చూశాడు. మర్నాడు పెద్దాయన దిగేసరికి ఆయన అద్దం కింద గూట్లో రేజరు లేదు. అది కొడుకు సొరుగులో ఉంది. కొడుకు తలెత్తలేదు, తండ్రి అడగలేదు. ఒళ్లో పరిచే గుడ్డ ఒకసారి దులిపి, మడిచి, తన కుర్చీ చేతి మీద వేసి మేడెక్కాడు. ఆ తర్వాత కిందికి దిగలేదు.

"అన్నానికి పిలిస్తే తింటాడు. పలకరిస్తే పలుకుతాడు. కోపమా నాన్నా అంటే లేదంటాడు" అని చిన్నాయన నా మెడ మీద వెంట్రుకలు దులుపుతూ చెప్పాడు. "కోపం ఉన్నా బాగుండును బాబాయ్‌గారూ. తిట్టడానికైనా దిగి వచ్చేవాడు."

డ్రైవరు బల్ల మీంచి అందుకున్నాడు. "నాకేమైనా అయిందా? ఉద్యోగమంతా బస్సుకి గీతలు పెట్టుకుని తిరిగినవాణ్ణి. నాకో గీత పడితే లెక్కా? నువ్వు తొందరపడ్డావోయ్."

"నీ చెవి కాబట్టి సరిపోయింది. ఇంకొకడిదైతే?"

"ఇంకొకడి చెవి ఇంత అందంగా అడ్డం రాదులే."

పెద్దాయన్ని కిందికి దింపింది మాటలు కాదు, చేపలు. అంతకుముందు వణుకు చూపించడానికి వెళ్లిన ఆస్పత్రిలో, కూర్చోబెట్టిన గదిలో ఒక ఉప్పునీటి చేపల గాజుతొట్టి ఉంది. దాని ముందు కూర్చున్న పెద్దాయన తన వంతు వచ్చినా లేవలేదు. రెండోసారి పిలిస్తే, వెనకవాళ్లని వెళ్లమనండి అన్నాడు. చిన్నాయన అది గుర్తు పెట్టుకున్నాడు. ఊరి చివర చేపలు అమ్మే ఆవిడ దగ్గరికి వెళ్లి, రెండు చేతులా కౌగిలించుకుంటే అందేంత చిన్న తొట్టి తెచ్చి, అద్దాలకి ఎదుటి గోడన, బల్ల పక్కన పెట్టాడు. తెల్ల ఇసుక, చిల్లులు చిల్లులుగా ఉన్న రాళ్లు, నీటిని తిప్పే చిన్న మోటారు, వెచ్చబెట్టే గొట్టం. కొన్నాళ్లు ఉత్త నీళ్లే తిరిగాయి. తర్వాత నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు వచ్చాయి.

సముద్రం చూడడానికి జనం ఎంతెంత దూరమో వెళ్తారు. నేనూ వెళ్లాను, ఒకటికి నాలుగు ఒడ్లు చూశాను. ఒడ్డున నిలబడ్డవాడికి సముద్రం ఏ పనీ చెప్పదు. దాన్ని ఇంటికి తెచ్చుకున్నవాడికే ఊడిగం మొదలవుతుంది. నీళ్లు ఆవిరై తగ్గితే మంచినీళ్లు పోయాలట, ఉప్పునీళ్లు పోయకూడదట, ఎందుకంటే ఉప్పు ఎక్కడికీ పోదు. చేతికి నూనె, క్రీము, పౌడరు ఉండగా నీళ్లు ముట్టకూడదట. సెలూన్‌లో ఆ మూడూ లేని చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? స్ప్రే కొట్టే ముందు తొట్టి మీద తువ్వాలు కప్పాలట. "తలకి కప్పిన గుడ్డ కంటే దానికి కప్పిన తువ్వాలే తెల్లగా ఉంది" అని డ్రైవరు ఫిర్యాదు.

చేపలు వచ్చిన మర్నాడు పెద్దాయన మెట్ల మీద సగం దాకా దిగి, అక్కడే నిలబడి చూశాడు. ఇంకో రోజు మొత్తం దిగాడు. బల్ల చివర తొట్టి పక్కన కూర్చున్నాడు. చిన్నాయన ఏమీ చూడనట్టు ఎవరిదో తల వంచి కత్తెర ఆడిస్తూనే ఉన్నాడు గానీ, ఆ తలవాడికి ఆరోజు మెడ మీద రెండుసార్లు పౌడరు పడింది.

అప్పుడు తొట్టికి రోగం వచ్చింది. ముందు ఇసుక మీదా రాళ్ల మీదా గోధుమరంగు పొడి పేరుకుంది. చిన్నాయన చేపలావిడ దుకాణానికి పరుగెత్తాడు. ఆమెని అందరూ చేపలక్క అంటారు. పొట్టిగా, చేతులెప్పుడూ తడిగా ఉండే మనిషి. "కొత్త తొట్టికి పసిపిల్లకి లేచినట్టు చెమటకాయలు లేస్తాయి. గోకకు. అదే పోతుంది" అంది. నిజంగానే పోయింది. దాని స్థానంలో పచ్చటి నాచు వచ్చింది. మొదట మెత్తగా, లేత నూగులా. తర్వాత వేలెడు పొడుగున, రాళ్ల నిండా ఒత్తుగా, నీటి వాలుకి ఊగే జుట్టులా.

కోడలికి ఇది బొత్తిగా నచ్చలేదు. "ఆ తొట్టి చూసి మన దువ్వెనలు కూడా అలాగే ఉంటాయనుకుంటారు" అంది మొగుడితో. "తెర ఇవతలికి వచ్చిన ఒకావిడ ముక్కు మూసుకుంది."

"దానికి వాసనే లేదు."

"కళ్లకి ఉంది. ఎండలు తగ్గాక గోడలకి రంగు వేయిస్తున్నాం. అప్పటికి బాగుపడితే సరే, లేకపోతే తీసేద్దాం. మామయ్యగారు దిగి రావడం నాకిష్టం లేదనుకోకండి. షాపు నడిస్తేనే ఎవరైనా దిగి వచ్చేది."

తొట్టి పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ మాట మళ్లీ అనుకోలేదు. రంగుల రోజు మాత్రం ఇద్దరి తలల్లోనూ ఉంది.

పెద్దాయనకి ఆ షరతు సంగతి తెలియదు. ఆయనకి తెలిసిందల్లా ఎదురుగా పెరిగిన జుట్టు. ఒకరోజు చాలాసేపు చూసి, "ఈ రాయికి తల మాసింది" అన్నాడు.

"నా తర్వాతే దాని వంతు. నేను ముందొచ్చాను" అన్నాడు డ్రైవరు.

"నీకు కోయడానికి ఏముందోయ్. దానికుంది."

లేచి, చేతులు మోచేతుల దాకా ఉత్తనీళ్లతో కడుక్కుని, కొడుకు బల్ల మీంచి పొడుగు కత్తెర తీసుకున్నాడు. కత్తెర చేతికొచ్చి ఎన్నాళ్లయిందో అది గాల్లో వణుకుతూనే ఉంది. చెయ్యి నీళ్లలో దిగింది. వింత ఏమిటంటే, నీళ్లు ఆ చేతిని నాలుగు పక్కలా పట్టుకున్నట్టు వణుకు సగానికి సగం తగ్గింది. పెద్దాయన కూడా అది గమనించాడు. మణికట్టు ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత కోయడం మొదలుపెట్టాడు. చెవుల వెనక కోసినట్టు రాతి అంచుల్లో, నడినెత్తిన కోసినట్టు పైన, దువ్వెన పెట్టకుండా, ఎక్కడా మెట్టు లేకుండా. పచ్చటి ముక్కలు నీళ్లలో లేచి, తిరిగి, ఎటో వెళ్లిపోయాయి. అంతా అయ్యేసరికి ఆ రాయి పెళ్లికి తయారైనట్టుంది. బల్ల మీదివాళ్లు చప్పట్లు కొట్టారు. చిన్నాయన కొట్టలేదు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

కత్తెరని మంచినీళ్లలో కడిగి, తుడిచి, ఆరబెట్టాడు పెద్దాయన. ఆ తర్వాత ఆయన దిగే వేళ ముందుకి జరిగింది, ఎక్కే వేళ వెనక్కి జరిగింది. రాయి పెరగడం, ఆయన కోయడం. ఆయన ఎంత కోస్తే అంత పెరిగింది. మొదట రెండు రాళ్ల మీదే ఉన్నది, తర్వాత అన్ని రాళ్ల మీదికీ, తొట్టి వెనక గాజు మీదికీ, వెచ్చబెట్టే గొట్టం మీదికీ ఎక్కింది.

చిన్నాయన తొట్టి నీళ్లు సీసాలో పట్టుకుని మళ్లీ చేపలక్క దగ్గరికి బయల్దేరాడు. మోకాలు కాస్త దారికి వచ్చింది కదా అని నేనూ వెంట వెళ్లాను. ఆవిడ సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"ఎవరు కోస్తున్నారు?"

"కోయడమేమిటక్కా?"

"ఈ ముక్కలు చూడు. తెగిన ముక్కలు. పీకినవైతే మొదళ్లు ఉండేవి. ఎవరో చాలా శుభ్రంగా కోశారు."

"మా నాన్న."

"మంచి చెయ్యి" అంది ఆవిడ, నిజంగానే మెచ్చుకుంటూ. "ఆపమను. మనిషి జుట్టు కింద పడితే చచ్చిన జుట్టు. ఇది అలా కాదు. తెగిన ప్రతి ముక్కా వెళ్లి ఇంకో చోట అంటుకుంటుంది. మీ నాన్న క్షవరం చేయడం లేదు, నాట్లు వేస్తున్నాడు."

అరవై ఏళ్ల వృత్తిలో పెద్దాయన ఎన్నడూ అనుమానించనిది ఒకటే, కోసి పడేసిన ముక్క మళ్లీ మొలవదని. ప్రపంచంలో ఇంకెవరు చేసినా చేయకపోయినా, ఈ పొరపాటు మాత్రం క్షవరం చేసేవాడే చేయగలడు.

తిరిగి వస్తూ చిన్నాయన మందుల షాపు దగ్గర ఆగి, "నేను చెప్పలేను బాబాయ్‌గారూ" అన్నాడు. "ఒకసారి ఆ చేతిలోంచి తీసేశాను. మళ్లీ నేనే తీయాలా?"

చెప్పలేదు. చెప్పకుండా చేయగలిగినవన్నీ చేశాడు. కుళాయి నీళ్లు మానేసి ఫిల్టరు నీళ్లు తెచ్చాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లు చేపలకి వేసే గింజలు అరచేతిలోంచి లాక్కుని డబ్బాకి తాళం పెట్టాడు. చేప తినక వదిలిందే నాచుకి ఎరువని చేపలక్క చెప్పింది. దీపం వెలిగే వేళ తగ్గించాడు. నాచు మేసే నత్తలు తెచ్చాడు. నత్తలు మేశాయి, కానీ వాటి నడకా మేతా ఏ పాటివో మనందరికీ తెలిసిందే. ఇటు నత్త ఒక జానెడు మేసేలోగా అటు కత్తెర మూరెడు నాటుతోంది.

ఇంకో సంగతి బయటపెట్టింది డ్రైవరు. మధ్యాహ్నం పూట తొట్టి పక్కన కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవడ్రా ఎదురుగా లైటు కొడుతున్నాడు?" అన్నాడు. చూస్తే వీధి ఎండ తలుపులోంచి వచ్చి, పెద్దాయన అద్దం మీద పడి, అక్కడినుంచి సూటిగా తొట్టిలో పడుతోంది. దీపం తగ్గించి ఏం లాభం, ఆ అద్దం రోజూ రెండో సూర్యుణ్ణి పట్టుకొచ్చి నాచు నెత్తిన పెడుతుంటే. ఆ అద్దానికి గుడ్డ కడితే సరిపోతుంది. చిన్నాయన గుడ్డ పట్టుకుని అద్దం దాకా వెళ్లాడు. కుర్చీ చేతి మీద మడిచి వేసిన గుడ్డ అలాగే ఉంది. నిలబడి, నిలబడి, వెనక్కి వచ్చాడు. ఖాళీ కుర్చీ అద్దానికి ముసుగు కప్పితే పైనుంచి దిగేవాడు ఏమనుకుంటాడు?

అలా మిగిలిపోయిన పనులు రెండే, కత్తెరా అద్దమూ. రెండూ తండ్రివి. ఎండలు తగ్గుముఖం పట్టాయి. కోడలు రంగుల అట్ట తెచ్చి గోడకి ఆనించి చూసుకుంటోంది.

ఒక పొద్దున చిన్నాయన మోటారు విప్పి, బకెట్లో దాని స్పాంజి పిండుతున్నాడు. ముక్కలు అడ్డుపడి మోటారు మూలుగుతోందని. నేను అప్పుడే వచ్చి కూర్చున్నాను. పెద్దాయన మామూలుకంటే ముందే దిగాడు. బకెట్ నిండా పచ్చటి ముక్కలు తేలుతున్నాయి. వంగి ఒకదాన్ని తీసి, జుట్టు లేతో ముదురో చూసేవాడిలా రెండు వేళ్ల మధ్య నలిపి, తలుపు వెలుతురులోకి పట్టుకున్నాడు.

"ఇది నా కోత" అన్నాడు.

చిన్నాయన పిండుతూనే ఉన్నాడు.

"ఏటవాలు కోత. మా మామది. నువ్వు అడ్డంగా కోస్తావు, ఎన్నిసార్లు చెప్పినా. ఇది నాదే. ఇందులోకెలా వచ్చింది?"

"నీళ్లలో తేలి వచ్చుంటుంది నాన్నా."

"అన్నీ ఇందులోకే వచ్చాయా?"

పెద్దాయన తొట్టి దగ్గరికి వెళ్లి, వెనక గాజు, వెచ్చబెట్టే గొట్టం, మూలల్లోని రాళ్లు ఒక్కొక్కటే చూశాడు. తొందరపడలేదు.

"ఇందులో కోసింది మొలుస్తుందా?"

"మొలుస్తుందట."

"ఎవరన్నారు?"

"చేపలక్క."

"ఎప్పుడు?"

"చాలా రోజులైంది."

"చాలా రోజులైంది" అని పెద్దాయన ఆ మాటనే మళ్లీ అన్నాడు. గొంతు పెరగలేదు. "అప్పుడు చెప్పకుండా తీసేశావు. ఇప్పుడు చెప్పకుండా ఉంచేశావు. దారినపోయేవాళ్లందరితో వాగుతావు కదరా, నా దగ్గరికొచ్చేసరికి నోట్లో ఏం పెట్టుకుంటావు?"

"రెండోసారి కూడా నేనే లాక్కోవాలా నాన్నా? నా వల్ల కాలేదు." చిన్నాయన చేతిలో స్పాంజి నీళ్లు కారుస్తోంది. "మళ్లీ పైకెళ్లిపోతావని."

పెద్దాయన కత్తెర తీసి కొడుకు సొరుగులో పెట్టాడు. మెట్లెక్కాడు. పైన తలుపు చప్పుడైంది. చిన్నాయన అక్కడే బకెట్ పక్కన చతికిలబడ్డాడు. నేను ఏదో అనబోయాను. నాకు తెలిసిన సామెతలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి.

తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. పెద్దాయన దిగి వస్తున్నాడు. ఒక చేతిలో చిన్న పట్టకారు, ఇంకో చేతిలో కొత్త టూత్‌బ్రష్.

"మామది" అన్నాడు పట్టకారు చూపిస్తూ. "పెట్టె అడుగున ఉంది, దొరకలేదు వెంటనే. చర్మంలోకి పెరిగిన వెంట్రుకని కోస్తే పోతుందట్రా? మొదలంటా పీకాలి. గడ్డాలకి అలా చేసినవాణ్ణి, రాయి అనేసరికి మర్చిపోయాను. ఆ రాయి బయటికి తియ్యి. కడిగేది పంపు నీళ్లలో కాదు, ఆ తొట్టి నీళ్లలోనే."

చిన్నాయన లేవలేదు, అలాగే చూస్తున్నాడు.

"లేవరా. ఇంకేమైనా దాచావా?"

"అద్దం" అన్నాడు చిన్నాయన. ఎండ సంగతి చెప్పాడు.

పెద్దాయన తన కుర్చీ దాకా వెళ్లి, చేతి మీద మడిచి ఉన్న గుడ్డ తీసి, దులిపి, అద్దం మీదికి విసిరి కప్పాడు. కస్టమరుకి కప్పినట్టే, ఒకే విసురుకి, అంచులు సరిగ్గా రెండు పక్కలా పడేలా. "దీనికీ ఒక పని దొరికింది" అన్నాడు.

ఆ రోజునుంచి తండ్రి పట్టకారుతో పీకడం, బ్రష్‌తో రుద్దడం, కొడుకు సన్నటి గొట్టం నోరు ఆ చోటే పట్టుకుని, ఊడిన ముక్క ఎటూ పోకముందే నీళ్లతో సహా బకెట్లోకి లాగేయడం. "గొట్టం దగ్గరగా పెట్టు. ఊడ్చడం కూడా నేర్పాలా ఇప్పుడు?" అని పెద్దాయన గదమాయిస్తుంటే, పాతకాపులకి ఆ గొంతు విని ప్రాణం లేచి వచ్చింది. పీకే చేతికి నిలకడ అక్కర్లేదు. బ్రష్ పట్టుకున్నప్పుడైతే వణుకే సగం పని చేసేసేది. "డాక్టరు దీన్ని తగ్గిస్తానన్నాడు. కొన్నాళ్లు ఆగమను" అన్నాడు పెద్దాయన.

డ్రైవరు అప్పటినుంచి బల్ల మానేసి, ముసుగేసిన అద్దం ముందు పెద్దాయన కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. అద్దం లేకుండా అక్కడెందుకని అడిగితే, "నా ముఖం నాకు తెలుసు. ఖాళీగా ఉంటే బాగులేదు" అన్నాడు.

ఓర్చినమ్మకు తేటనీళ్లు అన్నారు మనవాళ్లు. ఆ మాట చాలాచోట్ల వాడాను, చాలావరకు ఇతరులకి ఓర్పు నేర్పడానికి. తేటపడేది నీళ్లు ఊరుకున్నప్పుడేనని అనుకునేవాణ్ణి. ఇక్కడ ఊరుకోవడం వల్లే మురికి పెరిగింది, నోళ్లు తెరిచాకే తేటపడడం మొదలైంది.

మొదలైంది అంతే. రంగులవాళ్లు వచ్చేనాటికి రాళ్లు సగమే బయటపడ్డాయి. వాళ్లు నిచ్చెనలు వేసి, సామానంతా వీధిలోకి చేరుస్తూ, "ఈ తొట్టి ఎక్కడ పెట్టమంటారమ్మా?" అని అడిగారు. పెద్దాయన బల్ల మీదే ఉన్నాడు. చిన్నాయన చీపురు పట్టుకుని భార్య వంక చూడకుండా అదే చోట ఊడుస్తున్నాడు.

కోడలు తొట్టి ముందు నిలబడి చూసింది. ఇంకా అక్కడక్కడా పచ్చగానే ఉంది. "అక్కడే ఉంచండి" అంది. "పైన తడి దుప్పటి కప్పండి, రంగు పడకుండా. దాని వెనక గోడకి తర్వాత చెయ్యేస్తారులే. మామయ్యగారూ, మీరు పక్కనే ఉండి చూసుకోండి, వీళ్లని నమ్మలేం." తర్వాత కరెంటు మనిషిని పిలిచి, "ఇక్కడొక ప్లగ్గు పాయింటు పెట్టు. ఆ వైరు కాళ్లకి తగులుతోంది" అంది.

గోడలో ప్లగ్గు పెట్టించాక ఇక తీసేసేది లేదు. చిన్నాయన అప్పుడు ఇంకో చోట ఊడ్చాడు.

ఆ తర్వాత నాచు తగ్గుతూ వచ్చింది. రాళ్లు బయటపడ్డాయి. ఒక రాతి మీద గులాబీరంగు మచ్చ గట్టిగా అంటుకుంటే, అది మంచి శకునమే, దాన్ని గోకవద్దంది చేపలక్క. చేపలు తొట్టంతా తమదే అన్నట్టు తిరుగుతున్నాయి. వీధిలో పిల్లలు తలుపు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు. అందరూ సంతోషంగా ఉన్నారు, చిన్నాయన తప్ప. రోజూ పొద్దున తొట్టిలోకి చూసి, పీకడానికి ఇంకెంత మిగిలిందో అంచనా వేసుకుంటున్నాడు. తొట్టి బాగుపడితే పెద్దాయన దిగుతాడనుకున్నాడు గానీ, బాగుపడ్డాక ఏం చూసుకుని దిగుతాడన్నది అప్పటిదాకా తోచలేదు.

నేను ఊరు విడిచే ముందు రోజు సెలూన్‌కి సెలవు. వెళ్లొస్తానని చెబుదామని వెళ్లేసరికి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల చేపలక్క వంగి తొట్టిలోకి చూస్తోంది. నత్తలేవో ఇవ్వడానికి వచ్చింది.

"అంతా బాగుంది" అంది. "ఆ వెనక రాయి మీద ఒక కుచ్చు మిగిలిపోయింది చూశారా? అది కూడా పీకేస్తే సరి."

నేనూ చూశాను. మిగతా రాళ్లన్నీ నున్నగా ఉన్నాయి. ఆ ఒక్క రాయి మీద మాత్రం, సరిగ్గా నడినెత్తిన, చేతికి తేలిగ్గా అందే చోట, గుప్పెడు నాచు పచ్చగా ఊగుతోంది. మిగిలిపోయిన కుచ్చులా లేదు. ఎవరో వదిలిపెట్టిన కుచ్చులా ఉంది.

పెద్దాయన చేతులు కడుక్కుంటున్నాడు. ఆవిడ మాట విననట్టే ఉన్నాడు.

చిన్నాయన ఆ కుచ్చుని చూశాడు, తండ్రి వీపుని చూశాడు. "ఉండనివ్వక్కా" అన్నాడు. "ఆ కాస్త ఉంటే తప్పా?"

"తప్పేం లేదు. నీళ్లలో మిగిలిందేదైనా ఉంటే అదే తినేస్తుంది. పెరగనివ్వకపోతే చాలు."

"పెరగనివ్వం."

చిన్నాయన తన సొరుగు తెరిచి, పొడుగు కత్తెర తీసి, తండ్రికి అందించాడు. పిడి వైపు అందించాడు, ఆ పని చేసేవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునేటట్టు. తర్వాత గొట్టం తీసుకుని, బకెట్ కాలితో దగ్గరికి లాక్కుని, రాతి పక్కన గొట్టం నోరు పెట్టి పట్టుకున్నాడు.

"ఇంకా దగ్గరికి" అన్నాడు పెద్దాయన. "ఒక్క వెంట్రుక కింద పడకూడదు."

చెయ్యి నీళ్లలోకి దిగింది.